వెళ్ళిన తేదీ ఎక్కడ రాశారు?

ప్రశ్న: జనవరి ఒకటిన కొత్త నోటుబుక్కు తీసి పక్షుల లిస్టు మొదలుపెట్టాను. కొత్త పక్షి కనబడినప్పుడల్లా వరుస నంబరు వేసి పేరు, తేదీ, చోటు రాస్తున్నాను. ఇప్పటికి 94 అయ్యాయి. వసంతం వచ్చి వలస పక్షుల సందడి పెరిగాక లిస్టు గందరగోళంలో పడింది. ఉద్యోగం వల్ల వారానికి రెండు రోజులే వెళ్ళగలను. నేను వెళ్ళని రోజే అన్నీ వస్తున్నట్టు అనిపిస్తోంది. నాతోపాటే మొదలుపెట్టిన స్నేహితురాలు 140 దాటింది. కొన్నిటి కూత విన్నాను గానీ చూడలేదు, అవి లెక్కకు వస్తాయా? ఫోన్లో యాప్ చెప్పిన పేర్లు రాసుకోవచ్చా? ఫిబ్రవరిలో రాసిన ఒక పేరు తప్పేమోనని ఇప్పుడు అనుమానం, కొట్టేస్తే నంబర్లన్నీ మారిపోతాయి. సరదాగా మొదలుపెట్టింది కాస్తా టెన్షన్‌గా తయారైంది. ఇంకొకటి, పోయిన ఆదివారం నీటి అంచున తోక ఆడిస్తూ తిరుగుతున్న పసుపు పిట్టను చూశాను. అదేమిటో చెప్పగలరా?
— ఒక పాఠకురాలు

జవాబు: మీ ఉత్తరంలో ఊరు పేరు లేదు. సగం జవాబు ఆ ఒక్క ముక్క మీదే ఆధారపడి ఉంది కాబట్టి అక్కడే మొదలుపెడతాను.

వసంత వలస అనగానే అందరికీ రాకే గుర్తొస్తుంది. ఉత్తరాన చలి దేశాల్లో ఉండేవాళ్ళకి అది నిజమే. మంచు కరిగాక వానకోవెలలు (స్వాలోలు) దిగుతాయి, వాటి వెనకే వార్బ్లర్లు అనే చిన్న పాటపిట్టలు, కోకిల జాతులు. వేడి ప్రాంతాల్లో ఉండేవాళ్ళకి మాత్రం వసంతమంటే పోక. చలికాలమంతా కళ్ళముందు తిరిగిన బాతులు, బురదలో ఏరుకు తినే ఉల్లంకులు, తోక ఆడించే కాటుకపిట్టలు ఒక్కో జాతీ ఖాళీ చేసి పోతుంటాయి. ఈ రెంటికీ మధ్య దారిలో ఉన్నవాళ్ళకి ఇంకో రకం. దారిన పోయేవి దిగి, నాలుగు రోజులు తిని, మళ్ళీ లేచిపోతాయి. వానకోవెలనే చూడండి. ఆఫ్రికా దక్షిణ భాగంలోనో, దక్షిణాసియాలోనో, దక్షిణ అమెరికాలోనో చలికాలం గడిపి ఉత్తరానికి వెళ్ళి గూడు కట్టుకుంటుంది. ఏప్రిల్‌లో అది ఒకరి నోటుబుక్కులో కొత్త నంబరు. అదే నెలలో ఇంకొకరి చుట్టుపక్కల నుంచి అది మాయమవుతుంది, ఆ సంగతి ఏ నోటుబుక్కులోనూ ఉండదు.

మీ నోటుబుక్కులో కూడా ఉండదని నా అనుమానం. చిన్న పరీక్ష పెట్టుకోండి. జనవరిలో నంబరు వేసిన బాతుల్లో ఇప్పటికి ఏవి మిగిలాయి? వెళ్ళిపోయినవి ఏ వారంలో వెళ్ళాయి? పుస్తకం తెరిచి చూసి చెప్పలేరు. ఎందుకంటే ఒక పక్షికి ఒక్కసారే అందులో చోటు ఇచ్చారు. నంబరు పడిన మరుక్షణం నుంచి ఆ పక్షి మీ లిస్టుకి అక్కర్లేదు. రెండోసారి కనబడితే "ఇది ఉందిలే" అని పక్కకు తిరుగుతారు. మీ టెన్షన్‌కి మూలం కూడా ఇదేననుకుంటాను. 94 పక్షులు చుట్టూ ఉన్నా, రాయడానికి ఏమీ లేని రోజులే ఎక్కువైపోతాయి.

నేనూ ఇలాగే మొదలుపెట్టాను. నీళ్ళు తగ్గిన బురదలో చలికాలమంతా బూడిదరంగు ఉల్లంకులు గుంపులుగా తిరిగేవి. కర్లూ శాండ్‌పైపర్లని గుర్తుపట్టి నంబరు వేసేశాను. మార్చి చివరికి వాటి రొమ్ము మీద అక్కడక్కడా ఇటుకరంగు మచ్చలు కనిపించాయి. తరవాత కొన్నాళ్ళకి కొన్ని పూర్తిగా ఎర్రబడ్డాయి. పెళ్ళిబట్టలు ఇక్కడే కట్టుకుని సైబీరియాకి బయల్దేరతాయి అవి. అద్భుతంగా ఉన్నాయి, చూశాను, ఒక్క అక్షరం రాయలేదు. ఒక పొద్దున వెళ్తే బురద ఖాళీ. ఎప్పుడు వెళ్ళాయని ఎవరో అడిగితే "ఏప్రిల్‌లో ఎప్పుడో" అన్నాను. అంతసేపు వాటి ముందు కూర్చుని ఆ మాట అనాల్సొచ్చినందుకు సిగ్గేసింది.

ఒక పక్షి మొదటిసారి కనబడిన రోజు మీకు ఆ రోజే తెలుస్తుంది, వెంటనే రాసుకుంటారు. చివరిసారి కనబడిన రోజు మాత్రం ఆ రోజు తెలియదు. రెండు మూడు వారాలు గడిచాక, అది ఇక కనబడటం లేదని గ్రహించాక, వెనక్కి తిరిగి వెతుక్కోవాలి. వెతుక్కోవడానికి ఏదైనా ఉండాలంటే మామూలు పక్షుల్ని కూడా వెళ్ళిన ప్రతిసారీ రాసి ఉండాలి. వేరే దారి లేదు.

కాబట్టి నా సలహా ఇది. పక్షికో వరుస అనే పద్ధతి ఆపి, వెళ్ళిన రోజుకో పేజీ పెట్టండి. పైన తేదీ, చోటు, మొదలుపెట్టిన టైము, ముగించిన టైము, ఎంత దూరం నడిచారు, గాలి ఎటునుంచి వీస్తోంది, మబ్బా ఎండా. కింద ఆ రోజు కనబడినవన్నీ, కాకితో సహా, ఒక్కోటి ఎన్ని ఉన్నాయో అంకెతో. గుంపు పెద్దదైతే ఉజ్జాయింపుగా పదులు, వందలు లెక్కేసి రాయండి. లెక్క అంత కచ్చితంగా రాకపోయినా నష్టం లేదు. "సూదితోక బాతులు, సుమారు 200" అని మార్చి మొదట్లో ఉండి, పది రోజులకి 60, ఇంకో వారానికి 4 అని ఉంటే, బయల్దేరిన తీరు ఆ మూడు అంకెల్లోనే కనబడుతుంది. మీ పాత 94 వరుసలు ఎక్కడికీ పోవు. వాటిని పుస్తకం చివరి పేజీల్లోకి పంపించండి, కొత్తది దొరికినప్పుడు అక్కడ చేర్చుకోండి.

కాకిని కూడా రాయాలా అని అడుగుతారు. రాయాలి. కార్నెల్ పక్షిశాస్త్ర సంస్థ, ఆడుబన్ సొసైటీ కలిసి 2002లో మొదలుపెట్టిన ఈబర్డ్ అనే ఆన్‌లైన్ పక్షుల నమోదులో లిస్టు పంపేటప్పుడు "గుర్తుపట్టిన పక్షులన్నిటినీ రాశారా?" అని ఒక ప్రశ్న వస్తుంది. అవును అంటే అది పూర్తి చెక్‌లిస్ట్. కొత్తగా చేరినవాళ్ళు ఆ ప్రశ్నని పెద్దగా పట్టించుకోరు. కానీ దాని విలువంతా అక్కడే ఉంది. అన్నీ రాసిన లిస్టులో ఒక పక్షి లేదంటే ఆ రోజు అది మీ కంటపడలేదని అర్థం. నచ్చినవి మాత్రమే రాసిన లిస్టులో ఒక పక్షి లేకపోతే అది లేకనా, మీరు రాయకనా అన్నది ఎవరూ చెప్పలేరు, ఏడాది తిరిగేసరికి మీరు కూడా చెప్పలేరు. అందుకే ఏమీ కనబడని రోజుకి కూడా పేజీ పెట్టండి. "గంటసేపు ఉన్నాను, వానకోవెల లేదు" అన్న వాక్యం వసంతంలో చాలా విలువైనది. ఆ మర్నాడు అది కనబడితే, కొత్తగా వచ్చిందని అప్పుడే ధైర్యంగా అనగలరు.

ఇక మీరు వెళ్ళని రోజుల సంగతి. మీ అనుమానం పూర్తిగా తప్పు కాదు. చిన్న పాటపిట్టల్లో చాలా జాతులు రాత్రిపూట ప్రయాణం చేస్తాయి. పొద్దుగూకాక లేచి, తెల్లవారే వేళకి కింద చెట్లున్న చోటు చూసుకుని దిగి, పగలంతా తిని, మళ్ళీ వీలున్న రాత్రి లేస్తాయి. నక్షత్రాల్ని చూసి దిక్కు తెలుసుకుంటాయని స్టీఫెన్ ఎమ్లెన్ 1960ల్లో ఇండిగో బంటింగ్ అనే పిట్టల్ని ప్లానెటేరియంలో పెట్టి చూపించారు. పైన ఆకాశం బొమ్మని తిప్పితే పిట్టలు ఎగరబోయే దిక్కూ తిరిగింది. ఇన్ని పిట్టలు ఏ రాత్రి లేస్తాయన్నది ఎక్కువగా గాలి నిర్ణయిస్తుంది. వీపు మీద నుంచి తోసే గాలి ఉంటే లేస్తాయి, ఎదురుగాలో వానో ఉంటే ఆగిపోతాయి. అందువల్ల ఇవాళ వందలు ఉన్న తోట రేపు ఖాళీగా ఉండొచ్చు.

దీంట్లో ఒక తమాషా ఉంది. మనకి హాయిగా ఉండే రోజు తరచుగా పక్షులు కనబడని రోజు. మెక్సికో సింధుశాఖ దాటి అమెరికా దక్షిణ తీరానికి వచ్చే పిట్టల విషయంలో ఇది బాగా తెలుస్తుంది. సాయంత్రం మెక్సికోలోని యుకటాన్ నుంచి లేచి రాత్రంతా సముద్రం మీద ఎగిరి మర్నాడు పగటిపూట తీరం చేరతాయి. దక్షిణపు గాలి బాగుంటే తీరం మీద ఆగకుండా లోపలికి సాగిపోతాయి, ఒడ్డున నిలబడినవాళ్ళకి ఏమీ కనబడవు. మధ్యలో ఉత్తరపు గాలి, వాన తగిలాయా, అలిసిపోయి మొదట కనబడిన చెట్టు మీదే పడిపోతాయి. ఆ రోజు పక్షులు చూసేవాళ్ళకి పండగ, పిట్టలకి మాత్రం చావుబతుకుల సమస్య. అలా దిగిన వాటి దగ్గరికి ఫోటోల కోసం తోసుకుపోవడం నాకు నచ్చదు. అవి తిన్నంతసేపూ దూరంగా ఉండి చూడాలి.

మీకు వారానికి రెండు రోజులే కుదిరితే ఆ రెండూ దాదాపు ఒకే వేళకి, ఒకే చోటుకి వెళ్ళండి. తెల్లవారిన తరవాత రెండు గంటలు చాలు. దూరాలు తిరగొద్దు. వీలైతే ఆ రెండు రోజుల్ని క్యాలెండర్ చూసి కాకుండా గాలి చూసి ఎంచుకోండి. ఉత్తరాన ఉన్నవాళ్ళకి, వారమంతా చలిగాలి వీచి ఒక రాత్రి దక్షిణం నుంచి వీచే గాలికి మారితే ఆ తెల్లవారుజాము నిద్ర మానుకోదగ్గది. అమెరికాలో అయితే వాతావరణ రాడార్లలో రాత్రిళ్ళు ఎగిరే పక్షుల గుంపులు కనబడతాయి. బర్డ్‌కాస్ట్ అనే సైటు దాని ఆధారంగా ఏ రాత్రి ఎన్ని ఎగురుతాయో ముందే అంచనా చెబుతుంది. అంత సదుపాయం లేనిచోట చెట్టు కొమ్మ కదిలే దిక్కు చూసుకున్నా కొంత పని జరుగుతుంది. పోక చూడాలనుకుంటే సాయంత్రాలు వెళ్ళండి. నీటిపట్టున ఉండే ఉల్లంకులు తరచుగా పొద్దు వాలేవేళ అరుచుకుంటూ లేచి, గుంపు కట్టి, ఎత్తుకి ఎత్తుకి పోయి ఒక దిక్కు పడతాయి. ఆఫీసు అయ్యాక కూడా చూడదగ్గ దృశ్యం అది. నాకు ఒక్కసారే దొరికింది, మెడ నొప్పి పుట్టేదాకా చూశాను.

ఒకే చోటని ఎందుకంటున్నానంటే, మీ చెరువు దారి మధ్యలో పక్షులు ఆగి బలం పుంజుకునే చోటు అయ్యుండొచ్చు. గాడ్విట్ అంటే పొడుగు ముక్కుతో బురదలో తినే వలస పక్షి. ఈ7 అని పేరు పెట్టిన ఒక ఆడ గాడ్విట్‌కి 2007లో న్యూజిలాండ్‌లో ఉపగ్రహ ట్యాగు పెట్టారు. మార్చిలో బయల్దేరి పదివేల కిలోమీటర్లకు పైగా ఎక్కడా దిగకుండా చైనాలోని యాలు నది ముఖం దగ్గరికి చేరింది. అక్కడ దాదాపు ఐదు వారాలు బురదలో తింటూ ఉండిపోయి, తరవాతే అలాస్కాకి లేచింది. ఆ బురద ఒడ్డున నిలబడి "గాడ్విట్, నంబరు ఫలానా" అని ఒక్కసారి రాసుకున్నవాళ్ళకి ఆ ఐదు వారాల కథ ఎలా తెలుస్తుంది? ప్రతి వారం లెక్క రాసినవాళ్ళకి అంకెలు పెరగడం, కొన్నాళ్ళు నిలకడగా ఉండడం, ఒక్కసారిగా పడిపోవడం కనబడుతుంది. పట్టెతల బాతులు చలికాలం అయ్యాక భారతదేశం నుంచి హిమాలయాల మీదుగా వెళ్తాయని అందరికీ తెలుసు. 7,000 మీటర్లు దాటిన ఎత్తు కూడా ట్యాగుల్లో నమోదైంది. గాలి చల్లగా, కాస్త చిక్కగా ఉండే రాత్రి, తెల్లవారుజాము వేళల్లోనే అవి ఎక్కువగా కొండలు దాటతాయి. అలాంటి గుంపు ఒక చెరువు వదిలిన తేదీని ట్యాగు లేకుండా చెప్పగలిగేది ఆ చెరువు గట్టున రోజూ నడిచే మనిషి.

పాతకాలపు ఉదాహరణ ఒకటి చెప్పాలి. ఇంగ్లండ్‌లో నార్ఫోక్ అనే చోట రాబర్ట్ మార్షమ్ అనే భూస్వామి 1736 నుంచి ఏటా వసంతం గుర్తులు రాసుకున్నాడు. మొదటి వానకోవెల, మొదటి కోకిల కూత, ఫలానా చెట్టు ఆకు వేసిన రోజు, కప్పలు అరిచిన రోజు. మొత్తం 27 గుర్తులు, అంతే. ఆయన తరవాత వంశంలోనివాళ్ళు 1958 దాకా కొనసాగించారు. రెండు వందల ఏళ్ళకు పైగా సాగిన ఆ రాతలు ఇవాళ వాతావరణ మార్పు మీద పనిచేసేవాళ్ళకి బంగారం. ఆయన లిస్టు మీ లిస్టులో మూడో వంతు కూడా లేదని గమనించండి. అమెరికాలో వెల్స్ కుక్ అనే టీచరు 1881లో పక్షుల రాకపోకల తేదీలు పంపమని తెలిసినవాళ్ళని అడగడం మొదలుపెట్టాడు. అది 1970 దాకా నడిచి దాదాపు 60 లక్షల కార్డులు పోగయ్యాయి. ఆ కార్డుల మీద తేదీలు రాసినవాళ్ళలో ఎక్కువమంది మీలాంటి, నాలాంటి మామూలు మనుషులు.

ఆ తేదీలు ఎందుకు పనికొస్తాయో ఒక్క ముక్కలో చెబుతాను. వలస బయల్దేరే టైముని చాలా పక్షులు పగటి పొడవుని బట్టి తెలుసుకుంటాయి. పశ్చిమాఫ్రికాలో చలికాలం గడిపే పైడ్ ఫ్లైక్యాచర్ అనే చిన్న పిట్టకి నెదర్లాండ్స్ అడవుల్లో ఆ ఏడు వేడి ముందే వచ్చిందని అక్కడినుంచి తెలియదు. వేడి వల్ల చెట్లు తొందరగా చిగిర్చి, గొంగళి పురుగులు తొందరగా పుట్టి పోతున్నాయి. పిట్ట మాత్రం పాత వేళకే వస్తోంది. పిల్లలకి పెట్టాల్సిన పురుగులు అప్పటికే తగ్గిపోయిన అడవుల్లో ఆ పిట్టల సంఖ్య బాగా పడిపోయిందని అక్కడి పరిశోధకులు చూపించారు.

అయితే మొదటి తేదీల మీద మరీ మోజు పెంచుకోకండి. "ఈ ఏడు వానకోవెల నాలుగు రోజులు ముందొచ్చింది" అని రాసేముందు, మీరు పోయినేడు వారానికి ఒకరోజు వెళ్ళి ఈ ఏడు నాలుగు రోజులు వెళ్తున్నారేమో చూసుకోండి. ఎక్కువసార్లు చూస్తే మొదటిది తొందరగానే కనబడుతుంది, పక్షి తొందరపడక్కర్లేదు. పైగా మొదట వచ్చేది ఒక్కోసారి తప్పిపోయిన ఒంటరి పక్షి. చాలా జాతుల్లో మగవి కొన్ని రోజుల ముందే వచ్చి చోటు పట్టుకుంటాయి, ఆడవి తరవాత వస్తాయి. కాబట్టి "మొదటిది", "బాగా కనబడటం మొదలైంది", "చివరిది" అని మూడు తేదీలు రాసుకుంటే మేలు. మధ్యది రాయడం అలవాటు లేనివాళ్ళకి అనవసరం అనిపిస్తుంది, నిజానికి మూడింట్లో ఎక్కువ నమ్మదగ్గది అదే.

కూత మాత్రం వింటే లెక్కకు వస్తుందా? వస్తుంది. అమెరికన్ బర్డింగ్ అసోసియేషన్ నియమాల ప్రకారం కూడా వినబడిన పక్షిని లెక్కేసుకోవచ్చు. పక్షి ప్రాణంతో, అడవిదై, ఎవరి బంధనంలోనూ లేకుండా ఉండాలి, గుర్తుపట్టింది మీరై ఉండాలి. చూపు కన్నా చెవి తక్కువది అనుకోవడానికి కారణం లేదు. ఇంగ్లండ్‌లో పద్దెనిమిదో శతాబ్దంలో గిల్బర్ట్ వైట్ అనే ఆయన, అందరూ ఒకటే పిట్ట అనుకుంటున్న చిన్న ఆకుపచ్చ వార్బ్లర్లు మూడు వేర్వేరు జాతులని ముందు పాట విని పసిగట్టాడు. చిఫ్‌చాఫ్, విల్లో వార్బ్లర్, వుడ్ వార్బ్లర్. ఈ మూడింటినీ ఇవాళ మంచి బైనాక్యులర్స్‌తో చూసి కూడా తికమక పడేవాళ్ళున్నారు. వసంతం మీకు కలిసొచ్చే కాలం, ఎందుకంటే చలికాలమంతా మూగగా ఉన్నవి కూడా ఇప్పుడు పాడతాయి, వెళ్ళేముందు సాధన చేస్తున్నట్టు కొన్ని సగం సగం పాడతాయి. మీ పేజీలో పక్కన "వి" అని పెట్టుకోండి, విన్నానని గుర్తు.

యాప్ సంగతి వేరు. మెర్లిన్ అనే యాప్ 2021 నుంచి కూత విని పేరు చెబుతోంది, నేనూ వాడతాను. అది చెప్పిన పేరుని మాత్రం దారి చూపించేవాడి మాటగా తీసుకుంటాను, సాక్ష్యంగా కాదు. పేరు తెరమీద వెలిగితే ఆ దిక్కు చూడండి, ఆ కూతని మీరే మళ్ళీ వినండి, ఇంకోసారి వేరే చోట యాప్ లేకుండా గుర్తుపట్టగలరా చూసుకోండి. పట్టగలిగిన రోజు రాయండి. ఏట్రింతలు, గోరువంకల జాతులు కొన్ని ఇతర పక్షుల కూతలు అచ్చు దించేస్తాయి. యాప్ ఆ పాటకి పేరు పెడుతుంది, పాడేది ఎవరో కొమ్మ మీదకి చూస్తే గానీ తెలియదు. నా ఫోను ఒకసారి అలా ఒక డేగని చూపించింది. కొమ్మ మీద ఏట్రింత ఒకటి అమాయకంగా కూర్చుని ఉంది. ఇంకో మాట, కూత రికార్డింగు పెట్టి పక్షిని బయటికి రప్పించే పని ఈ కాలంలో చెయ్యకండి. చోటు కోసం పోట్లాడుకునే రోజులివి, లేని శత్రువు కోసం దాని తిండి వేళ వృథా అవుతుంది. గూడు కనబడితే ఎక్కడుందో మీ పుస్తకంలో తప్ప ఎక్కడా రాయకండి.

ఫిబ్రవరి తప్పు గురించి మీరు బాధపడక్కర్లేదు. ఒక్క గీత గీయండి, కింద పేరు కనబడేలా. పక్కన ఇవాళ్టి తేదీ వేసి ఎందుకు కొట్టేశారో నాలుగు మాటలు రాయండి. వైట్‌నర్ వద్దు, పేజీ చింపొద్దు. నేను ఒక బుల్లి ఉల్లంకిని మూడేళ్ళు వేరే పేరుతో రాశాను. కాళ్ళ రంగు చూడాలని తెలియదు అప్పటికి. బురద అంటిన కాళ్ళు నల్లగానే కనబడతాయి కదా! ఆ మూడేళ్ళ గీతలు ఇప్పటికీ నా పుస్తకంలో ఉన్నాయి, కొత్తవాళ్ళకి కాళ్ళు చూడమని చెప్పేటప్పుడు అవే చూపిస్తాను. నంబర్లు మారతాయన్న బెంగకి మందు నంబర్లు వేయకపోవడమే. అంకె కావాలనుకున్న రోజు లెక్కపెట్టుకోండి. ఎలాగూ ఆ అంకె మీ చేతిలో లేదు. 2024లో ఈబర్డ్ తన జాబితాని సవరించినప్పుడు బార్న్ ఔల్ అనే గుడ్లగూబ ఒకే జాతిగా ఉన్నది మూడుగా విడిపోయింది. అదే సవరణలో రెడ్‌పోల్ అనే పిట్టలు మూడు జాతులుగా ఉన్నవి ఒకటైపోయాయి. కుర్చీలోంచి లేవకుండానే ఒకరికి రెండు పెరిగాయి, ఒకరికి రెండు తగ్గాయి.

మీ స్నేహితురాలి 140 గురించి ఎక్కువ చెప్పను. ఆవిడ ఎన్ని చోట్ల తిరిగారో అడగండి, ఆ అంకెకి అర్థం వస్తుంది. అంకెల పోటీ తప్పని కూడా నేను అనను. అమెరికాలో ఫీబీ స్నెట్‌సింగర్ అనే ఆవిడకి 1981లో క్యాన్సర్ అని తేలింది. ఆవిడ పక్షుల కోసం ప్రపంచమంతా తిరిగింది. 1999లో మడగాస్కర్‌లో పక్షుల కోసం వెళ్తూ వ్యాను ప్రమాదంలో పోయేనాటికి 8 వేలకు పైగా జాతులు చూసింది. ఆవిడ దగ్గర నోట్సు కూడా అంతే శ్రద్ధగా ఉండేవి. మీకు అంకె సరదాగా ఉన్నంతకాలం ఉంచుకోండి. పోల్చుకోవాలనిపిస్తే ఇదే చెరువు, ఇదే నెల, పోయిన ఏడాది మీ పేజీతో పోల్చుకోండి. ఈ ఏడు పోల్చడానికి పాతది లేదు కాబట్టి మీకు పూర్తిగా సెలవు.

నోటుబుక్కా ఫోనా అని మీరు అడగలేదు గానీ అందరూ అడుగుతారు. అక్కడ పెన్సిలు, ఇంటికొచ్చాక ఫోను. వర్షంలో తడిసినా పెన్సిలు రాత చెదరదు, నా పెన్ను రాతలు ఒక మార్చి నెల మొత్తం నీలిమరకై పోయాయి. పక్షిని చూసినప్పుడు పుస్తకంలోనో యాప్‌లోనో బొమ్మ వెతికే ముందు కనబడింది కనబడినట్టు రాయండి. బొమ్మ చూసేశాక, చూడని గీతలు కూడా చూసినట్టే గుర్తుంటాయి.

ఆ మాట మీద మీ పసుపు పిట్ట దగ్గరికి వద్దాం. నీటి అంచు, తోక ఆడించడం, పసుపు అంటే ఆసియా, యూరప్, ఆఫ్రికాల్లో ముందు తట్టేది కాటుకపిట్ట, ఇంగ్లీషులో వాగ్‌టెయిల్. అందులో పసుపువి మూడు రకాలు చూసుకోవాలి. తల మొత్తం పండు నిమ్మకాయలా పసుపుగా ఉండి, మెడ వెనక నల్ల పట్టీ, బూడిద వీపు, రెక్క మీద రెండు వెడల్పాటి తెల్ల గీతలు ఉంటే సిట్రిన్ వాగ్‌టెయిల్ మగది. తోక మరీ పొడుగ్గా ఉండి, వీపు బూడిదరంగు, కాళ్ళు లేత గులాబీ, తోక కింద చిక్కటి పసుపు అయితే గ్రే వాగ్‌టెయిల్. ఈ కాలంలో మగదాని గొంతు నల్లగా ఉంటుంది. వీపు పచ్చగా, అడుగు మొత్తం పసుపుగా, కాళ్ళు నల్లగా ఉంటే ఎల్లో వాగ్‌టెయిల్. దాని తల రంగు ఉపజాతిని బట్టి మారుతుంది, అది ఇంకో చిక్కు, ఇప్పుడు వద్దు. మీరు ఉత్తర అమెరికాలో ఉంటే ఈ మూడూ వదిలేసి పామ్ వార్బ్లర్ చూడండి. నెత్తి మీద ఇటుకరంగు టోపీ, తోక కింద పసుపు, నేల మీద తిరుగుతూ తోక ఆగకుండా ఆడిస్తుంది.

వీటిలో ఏదో మీ ఉత్తరం చదివి నేను చెప్పలేను. కాళ్ళు, గొంతు, రెక్క గీతలు చూడలేదుగా మీరు! ఈ ఆదివారం అక్కడికే వెళ్ళండి, ఇంకా ఉంటే ఆ మూడు చోట్లు చూడండి. లేకపోతే పోయిన ఆదివారం పేజీలో "పసుపు కాటుకపిట్ట, రకం తెలియదు, 1" అని, ఈ ఆదివారం పేజీలో "కనబడలేదు" అని రాయండి.